రాయని వెర్షన్

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే గూడూరు కుర్రాళ్ల ఫోన్లలో ఒకే రకం ఫొటోలు తిరుగుతుంటాయి. ల్యాప్‌టాప్ తెరను సెల్‌తో తీసిన ఫొటో, కాస్త వంకరగా, సగం మసకగా. అందులో ఎర్రక్షరాల్లో ‘బిల్డ్ ఫెయిల్యూర్’. దాని కింద ఒక మెసేజ్: “అన్నా, రేపు రివ్యూ. నిన్నటిదాకా బాగానే నడిచింది. కోడ్ అస్సలు ముట్టుకోలేదు.”

ఆ కుర్రాడు అబద్ధమాడడం లేదు. కోడ్ నిజంగానే ముట్టుకోలేదు. జావా బిల్డ్ ఆగిపోయినప్పుడు దోషం చాలాసార్లు రాయకుండా వదిలేసిన చోట ఉంటుంది. ఫలానా ప్లగిన్ ఏ వెర్షనో రాయలేదు, ఫలానా లైబ్రరీ వెంట ఏమేం వస్తున్నాయో చూడలేదు, బిల్డ్ చేసే పనిముట్టు మావెన్ ఏ జావా మీద నడుస్తోందో అడగలేదు. మనం చెప్పని ప్రతిచోటా ఆ పనిముట్టు తనకు తెలిసిందేదో పెట్టుకుంటుంది. బిల్డ్ బాగుచేసే విద్య అంతా ఆ రాయనిదాన్ని వెతికి బయటకు తీయడమే.

గూడూరుకు ఈ విద్యతో సంబంధమేమిటని అడగొచ్చు. నిమ్మకాయల మార్కెట్టుకు, అభ్రకం గనులకు పేరుపడ్డ ఊరు. నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పక్కనే విద్యానగర్‌లో ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ 1979లోనే మొదలైంది. తర్వాత ఊళ్లోనే మరికొన్ని కాలేజీలు వచ్చాయి. ఇక్కడ చదివినవాళ్లు చెన్నై ఓఎంఆర్‌కో, బెంగళూరుకో, అమీర్‌పేట కోచింగ్ మీదుగా హైదరాబాద్ కంపెనీలకో పోతారు. అక్కడ చేరిన మొదటి వారంలో కొత్తవాళ్లకు ఇచ్చే పని దాదాపు ఎక్కడైనా ఒక్కటే: “ఈ ప్రాజెక్టును మీ సిస్టంలో బిల్డ్ చేసుకోండి.” కాలేజీలో ఎవరూ నేర్పనిది సరిగ్గా అదే.

కాస్త వెనక్కి వెళ్దాం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ రాశాడు. ఏ ఫైలు మారిందో చూసి దానిమీద ఆధారపడ్డవాటినే మళ్లీ తయారుచేసే పనిముట్టు అది. జావా వచ్చాక, వెబ్ సర్వర్ అయిన టామ్‌క్యాట్‌ను అపాచీ సంస్థకు అప్పగించే రోజుల్లో జేమ్స్ డంకన్ డేవిడ్సన్ ‘యాంట్’ రాసుకున్నాడు. 2000లో అది విడిగా విడుదలైంది. యాంట్‌లో ప్రతి అడుగూ మనమే చెప్పాలి, లైబ్రరీల జార్ ఫైళ్లు మనమే తెచ్చి పెట్టుకోవాలి. అప్పట్లో కోర్సు నేర్చుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ‘లిబ్’ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో చేతులు మారేది. అపాచీలోని ఒక్కో ప్రాజెక్టు ఒక్కో తీరుగా యాంట్ ఫైలు రాసుకోవడం చూసి విసిగిన జేసన్ వాన్ జిల్ బృందం, అన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని టర్బైన్ ప్రాజెక్టులో ‘మావెన్’ మొదలుపెట్టింది. 2004లో 1.0, 2005లో 2.0, 2010లో 3.0 వచ్చాయి.

మావెన్ చేసిన పెద్ద మేలు, పెద్ద కీడు ఒక్కటే. మనం చెప్పనివన్నీ తనే ఊహించుకుంటుంది. అందుకే ప్రాజెక్టు వివరాలు రాసే పామ్ ఫైలు ఇరవై వరుసలే ఉన్నా పని నడుస్తుంది. అందుకే ఒకరోజు నడవదు కూడా.

దగ్గరనుంచి ఒకటి చూద్దాం. సర్వ్‌లెట్లు, జేఎస్పీలతో చేసిన చిన్న వెబ్ ప్రాజెక్టు. పామ్‌లో ప్యాకేజింగ్ ‘వార్’ అని ఉంది, వార్ ప్లగిన్ గురించి మాటే లేదు. జావా 8 మీద ఏళ్లపాటు నడిచింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు, జావా 17 వేశారు, బిల్డ్ ఆగింది. ఎర్రటి వరుసల్లో ‘మావెన్-వార్-ప్లగిన్:2.2:వార్’ అనీ, ఇంకాస్త లోపల ‘ప్రాపర్టీస్’ క్లాసులోని ‘డిఫాల్ట్స్’ ఫీల్డును తెరవలేకపోతున్నాననీ ఉంటుంది. కుర్రాడు చూసేది చిట్టచివరి నాలుగు వరుసలు. అవి ‘మైనస్ ఈ పెట్టి మళ్లీ నడపండి, మైనస్ ఎక్స్ పెట్టి మళ్లీ నడపండి’ అనే మామూలు సలహాలు. రోగం పేరు వాటికి పైన, మొదటి ఎర్రర్ వరుసలోనే ఉంది. ఏ ప్లగిన్, ఏ వెర్షన్, ఏ పని మధ్యలో పడిపోయింది అన్న మూడూ అక్కడే, కోలన్ల మధ్య వరసగా ఉంటాయి.

ఆ 2.2 ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. వెర్షన్ చెప్పకపోతే మావెన్ 3.8 దాకా తనలో కుదురుకున్న పాత 2.2నే వాడేది. ఆ పాత ప్లగిన్ లోపల ఒక లైబ్రరీ జావా సొంత క్లాసుల్లో చెయ్యి పెట్టి వెతుకుతుంది. జావా 8లో ఎవరూ అడ్డుచెప్పలేదు. జావా 9 నుంచి మాడ్యూళ్లు వచ్చాయి, జావా 16, 17లకు వచ్చేసరికి ఆ తలుపు గట్టిగా మూసేశారు. మందు ఒక్క వరుసే: పామ్‌లో వార్ ప్లగిన్‌కు 3.3.2 అనో అంతకంటే కొత్తదనో వెర్షన్ రాయడం. ఆ ఒక్క వరుస కోసం జావా 17 తీసేసి మళ్లీ జావా 8 వేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. పని జరుగుతుంది, కాదనను. కానీ కంపెనీలో అలా చేస్తానంటే వినరు.

‘సోర్స్ ఆప్షన్ 5 ఇక లేదు, 7 గానీ ఆపైన గానీ వాడండి’ అనే సందేశమూ ఇదే కోవలోది. జావా 5 అని ఎవరూ అడగలేదు. పాత కంపైలర్ ప్లగిన్‌కు ఏమీ చెప్పకపోతే 1.5 అనుకుంటుంది, కొత్త జావా ఆ మాట వినదు. రాయనివన్నీ ఒక్కసారిగా చూపించే ఆజ్ఞ ఒకటుంది: ‘హెల్ప్:ఎఫెక్టివ్-పామ్’. మన ఇరవై వరుసలూ వందల వరుసలై ముందుకొస్తాయి. అది చదవడానికి విసుగే. కానీ మావెన్ మన తరఫున ఏమేం ఒప్పేసుకుందో అందులో తప్ప ఇంకెక్కడా అంత పూర్తిగా కనిపించదు.

ఆగిపోయే బిల్డ్ నయం, ఆగకుండా మోసం చేసే బిల్డ్‌తోనే ప్రమాదం. 2017లో టెస్టులు రాసే జేయూనిట్ 5 వచ్చింది. టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్‌కు దాన్ని నేరుగా అర్థం చేసుకునే తెలివి 2.22.0లో వచ్చింది. పామ్‌లో వెర్షన్ రాయకపోతే పాత మావెన్ 2.12.4 తెచ్చుకునేది. దానికి జేయూనిట్ 5 టెస్టులు కంటికే ఆనవు. ‘టెస్ట్స్ రన్: 0’ అని ఒక వరుస రాసి, కింద పచ్చగా ‘బిల్డ్ సక్సెస్’ అంటుంది. ఆ సున్నాను చదవకుండా టెస్టులన్నీ పాసయ్యాయని రికార్డులో రాసుకున్నవాళ్లున్నారు. 2023లో వచ్చిన మావెన్ 3.9 ఈ పాత వెర్షన్లను మార్చింది, కానీ ల్యాబ్ మెషీన్లలో 3.6లు ఇంకా బతికే ఉన్నాయి.

ఇక డిపెండెన్సీలు. మనం ఒక లైబ్రరీ అడిగితే అది మరో నాలుగింటిని తెస్తుంది, ఆ నాలుగూ ఇంకొన్నిటిని. ఒకే లైబ్రరీ రెండు దారుల్లో రెండు వెర్షన్లుగా వచ్చిందనుకోండి. మన గూడూరు జంక్షన్‌లో విజయవాడ వైపు నుంచీ రేణిగుంట వైపు నుంచీ ఒకేసారి రెండు బళ్లు వస్తే ఏం చేస్తారు? ఒకదానికి మెయిన్ లైను ఇచ్చి రెండోదాన్ని ఆపుతారు. మావెన్ కూడా ఒక్కదానికే లైను ఇస్తుంది, కానీ రెండోది ఆగి తర్వాత రాదు, అసలుకే రద్దవుతుంది. పైగా మావెన్ పాటించే నియమం వింతైనది. ఏది కొత్తదని చూడదు, మన పామ్‌కు ఏది దగ్గరని చూస్తుంది. రెండు మెట్ల దూరంలో పాతదీ మూడు మెట్ల దూరంలో కొత్తదీ ఉంటే పాతదే గెలుస్తుంది. దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసినది గెలుస్తుంది. మరో బిల్డ్ పనిముట్టు గ్రాడిల్ తీరు వేరు, మామూలుగా అది పెద్ద వెర్షన్‌నే ఎంచుకుంటుంది. మావెన్ నుంచి గ్రాడిల్‌కు మారగానే ఎన్నడూ లేని తప్పులు కొన్ని రావడానికీ, ఉన్నవి కొన్ని పోవడానికీ ఇదొక కారణం.

ఇలా రెండు వెర్షన్లు ఢీకొనడానికి పాఠంలాంటి ఉదాహరణ, బిగ్ డేటా పనులకు వాడే హడూప్‌కూ గువావా లైబ్రరీకీ మధ్య గొడవ. హడూప్ 2 వరుస ఏళ్ల తరబడి గూగుల్ వారి గువావా 11.0.2నే పట్టుకుని ఉంది. హడూప్ 3లో కొన్నాళ్లకు గువావా 27కు మారారు. దాని పక్కన నడిచే హైవ్ 3.1.2 మాత్రం తన లిబ్ ఫోల్డర్‌లో గువావా 19తో వచ్చింది. బిగ్ డేటా నేర్చుకునే పిల్లలు హైవ్ మొదలుపెట్టగానే ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’ అని పడుతుంది, ‘చెక్ ఆర్గ్యుమెంట్’ అనే మెథడ్ లేదంటుంది. గువావా 19 తెరిచి చూస్తే ఆ మెథడ్ ఉంది! మరి లేదంటుందేమిటి?

కిటుకు ఇక్కడుంది. గువావా 19లో, సందేశంతోపాటు విలువలు ఇచ్చేందుకు ఆ మెథడ్‌కు ఎన్ని విలువలైనా తీసుకునే ఒకే రూపం ఉంది. 20లో, ఒక్క విలువే ఇచ్చినప్పుడు వాడేందుకు ప్రత్యేకంగా ఇంకో రూపం చేర్చారు. రాసిన జావా వరుస రెండింటికీ ఒకటే, అక్షరం తేడా లేదు. కొత్త గువావా మీద కంపైల్ చేసినప్పుడు మాత్రం క్లాసు ఫైలులో ఆ కొత్త రూపం పేరు పడుతుంది. నడిచే చోట 19 ఎదురైతే ఆ రూపం కనిపించదు, పడిపోతుంది. అందరూ చేసే వైద్యం హైవ్ లిబ్ నుంచి గువావా 19 తీసేసి హడూప్ ఫోల్డర్లోని 27ను అక్కడ కాపీ చేయడం. చేస్తారు, నడుస్తుంది. ఎందుకు నడిచిందో చెప్పగలిగినవాడు పదిమందిలో ఒకడు దొరికితే గొప్ప.

ఈ రకం తప్పు పట్టడానికి ‘డిపెండెన్సీ:ట్రీ’ని మించిన సాధనం లేదు. వెర్బోస్ పెట్టి నడిపితే ఏ దారిలో ఏ వెర్షన్ వచ్చిందో, గొడవపడి ఏది పక్కకు పోయిందో చెట్టులా చూపిస్తుంది. గ్రాడిల్‌లో ‘డిపెండెన్సీ ఇన్‌సైట్’ ఏ వెర్షన్ ఎంచుకున్నదో కారణంతో సహా చెబుతుంది. చెట్టు చూశాక కావలసిన వెర్షన్‌ను ‘డిపెండెన్సీ మేనేజ్‌మెంట్’లో ఒక్కచోట రాయాలి. ఎక్కడపడితే అక్కడ ఎక్స్‌క్లూజన్లు పెట్టుకుంటూ పోయే అలవాటు నాకు నచ్చదు. ఆరునెలలకు ఏది ఎందుకు తీశామో రాసినవాడికే గుర్తుండదు.

కంపైల్ అయి, డిప్లాయ్ కూడా అయి, తెరిస్తే 404 ఇచ్చే ప్రాజెక్టు ఇంకో జాతి. 2020 చివర వచ్చిన జకార్తా ఈఈ 9 తన ‘జావాఎక్స్’ పేర్లన్నిటినీ ‘జకార్తా’గా మార్చింది. టామ్‌క్యాట్ 10 ఆ కొత్త పేర్లనే గుర్తిస్తుంది. ‘జావాఎక్స్.సర్వ్‌లెట్’ అని రాసిన పాత ప్రాజెక్టును దానిమీద పెడితే కోప్పడదు, పట్టించుకోదు. టామ్‌క్యాట్ 9 వేస్తే చాలు.

కాలేజీ ల్యాబ్‌లో, హాస్టల్లో సెల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు మరో బాధ. జార్ సగం దిగాక నెట్ పోతుంది. తర్వాత నెట్ బాగున్నా ‘ముందోసారి దొరకలేదు, గడువు దాటేదాకా మళ్లీ అడగను’ అని మావెన్ మొండికేస్తుంది. ‘డాట్ ఎం2’ ఫోల్డర్లో ఆ లైబ్రరీ దగ్గర ‘లాస్ట్ అప్‌డేటెడ్’ అని ముగిసే ఫైలు కనిపిస్తుంది. ‘మైనస్ యూ’ పెట్టి నడపాలి, లేదా ఆ ఒక్క ఫోల్డర్ తీసేయాలి. ఎం2 మొత్తం తుడిచేయమని సలహా ఇచ్చేవాళ్లు వాళ్ల డేటా ప్యాక్‌తో ఇవ్వాలి. ప్రాక్సీ ఉన్న ల్యాబ్ అయితే సెట్టింగ్స్ ఫైలులో ఆ సంగతి చెప్పాలి, బ్రౌజర్‌లో చెప్పినది మావెన్‌కు వినిపించదు.

ఒక్కోసారి అవతలివైపే లోకం మారిపోతుంది. 2020 జనవరి 15న, మావెన్ లైబ్రరీలు తెచ్చుకునే గిడ్డంగి మావెన్ సెంట్రల్ హెచ్‌టీటీపీ చిరునామాలకు తలుపు మూసింది. పాత పామ్‌లలో ‘ఎస్’ లేకుండా రాసుకున్న ప్రాజెక్టులన్నీ ఆ రోజు 501తో ఆగాయి. మరుసటేడు అలాంటిదే మరో గిడ్డంగి జేసెంటర్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించారు, ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు ఎన్నో చిరునామా మార్చుకోవలసి వచ్చింది. కోడ్ ముట్టుకోలేదన్న మాట అప్పుడూ నిజమే.

డిపెండెన్సీల చెట్టు చదివే ఓపికకు విలువ ఎంతో 2021 డిసెంబరులో తేలింది. లాగులు రాసే జావా లైబ్రరీ లాగ్4జేలో ‘లాగ్4షెల్’ లోపం బయటపడింది. మావెన్ సెంట్రల్‌లోని 35,000కు పైగా ప్యాకేజీలపై, అంటే అన్నిటిలో 8 శాతానికి మించి, దాని ప్రభావం ఉందని గూగుల్ బృందం మొదట లెక్కగట్టింది. వాటిలో ఎక్కువ భాగం లాగ్4జేను నేరుగా అడగనే లేదు, వేరేవాటి వెంట లోపలికి వచ్చింది. ‘మా పామ్‌లో లాగ్4జే లేదు’ అన్న జవాబుకు ఆ వారం విలువే లేదు. చెట్టు చదవడం వచ్చినవాళ్లు గంటలో తేల్చారు. లోపం లాగ్4జే-కోర్‌లో ఉంది, లాగ్4జే-ఏపీఐ ఒక్కటే ఉంటే ఆ లోపం తగలదని కూడా వాళ్లే చెప్పగలిగారు. రానివాళ్లు సెలవులు మానుకుని కూర్చున్నారు. పైగా 2.15.0 వచ్చింది, అది చాలక 2.16.0, ఆపైన 2.17.0, నెలాఖరుకు 2.17.1. వెర్షన్ ఒకచోట రాసుకున్నవాళ్లు ఒక అంకె మార్చారు.

ఇప్పుడు ఎర్రర్‌ను చాట్‌బాట్‌లో అతికించి జవాబు తీసుకోవడం వచ్చింది. తప్పేమీ లేదు, నేనూ చేస్తాను. కానీ అది చెప్పిన వెర్షన్ మావెన్ సెంట్రల్‌లో ఉందో లేదో చూసుకోకుండా పామ్‌లో పెట్టొద్దు. లేని వెర్షన్‌ను ఎంతో నమ్మకంగా చెప్పడం దానికి అలవాటు. అంతకంటే ముందు ‘ఎంవీఎన్ మైనస్ వీ’ కొట్టి మావెన్ ఏ జావా మీద నడుస్తోందో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో జావా ఒకటి చెబుతుంది, జావా హోమ్ ఇంకోటి చూపిస్తుంది, ఎక్లిప్స్ మూడోది వాడుతుంటుంది.

గూడూరు, విద్యానగర్ కాలేజీల్లో జావా ల్యాబ్ చూసే అధ్యాపకులకు ఒక్క విన్నపం. ల్యాబ్ రికార్డులో ప్రయోగాలన్నీ నడిచే ప్రోగ్రాములే ఉంటున్నాయి. వాటిలో ఒకటి తీసేసి, వార్ ప్లగిన్ వెర్షన్ లేని పామ్, రెండు గువావాలు ఉన్న చెట్టు, సున్నా టెస్టులతో పచ్చగా వెలిగే బిల్డ్ ఉన్న పాడైన ప్రాజెక్టును పిల్లల చేతికివ్వండి. బాగుచేసినందుకు సగం మార్కులు, ఎందుకు పాడైందో రాసినందుకు సగం.