గౌరికి గడి లేదు: గోదావరి నేపథ్య చిత్రాలలో నటన, పురస్కారాల వర్గీకరణ

1967లో వచ్చిన హిందీ చిత్రం 'మిలన్'లో నటనకు ఇద్దరు నటీమణులు ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు అందుకున్నారు. ఉత్తమ నటిగా నూతన్, ఉత్తమ సహాయ నటిగా జమున. 'మిలన్'కు మూలం 1964లో విడుదలైన తెలుగు చిత్రం 'మూగమనసులు'. రెండింటికీ దర్శకుడు రాజమహేంద్రవరంలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావే. నూతన్ ధరించిన రాధ పాత్రను తెలుగులో సావిత్రి ధరించారు. జమున మాత్రం తన గౌరి పాత్రనే హిందీలో మరొకసారి ధరించారు. కథ అదే, దర్శకుడు ఆయనే, ఒక పాత్ర విషయంలో నటి కూడా ఆమే. గోదావరి ఒడ్డున ఉన్నంతకాలం ఈ రెండు పాత్రల నటనకూ జాతీయ పురస్కారం గానీ రాష్ట్ర పురస్కారం గానీ లేదు. నది మారాక రెండూ బహుమతి పొందాయి.

దీనిని ప్రాంతీయ వివక్షగా చెప్పి ఊరుకోవడం తేలిక. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని నిబంధనలను పరిశీలిస్తే వేరొక విషయం బయటపడుతుంది. 1954లో ఆరంభమైన జాతీయ చలనచిత్ర పురస్కారాలు చాలాకాలం చిత్రాలకే దక్కాయి, నటులకు కాదు. నటనకు వ్యక్తిగత పురస్కారం 1967 చిత్రాలతో మొదలైంది. ఆ తొలి ఏడు దానిని ఉత్తమ్ కుమార్, నర్గీస్ అందుకున్నారు. సహాయ పాత్రలకు పురస్కారం 1984 చిత్రాల నుంచి గాని రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నంది పురస్కారాలను నెలకొల్పినప్పుడు అవీ చిత్రాలకే పరిమితం. తొలి బంగారు నంది అందుకున్న 'డాక్టర్ చక్రవర్తి' కూడా ఆదుర్తి చిత్రమే, అందులోనూ సావిత్రి ఉన్నారు. అయినా నటులకు నంది రావడానికి 1977 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు 'అమరదీపం'లో నటనకు కృష్ణంరాజు ఉత్తమ నటుడయ్యారు. అంటే 1964 నాటి గౌరిని ఏ న్యాయనిర్ణేతల సంఘమూ తిరస్కరించలేదు. ఆమెను పరిశీలించవలసిన గడే ఆనాటి పట్టికలో లేదు.

ఈ భేదాన్ని గమనించకపోతే 'అన్యాయం' అనే మాట పలచబడిపోతుంది. చూసి కాదనడం ఒకటి, చూడవలసిన అవసరమే లేకుండా నియమం రాసుకోవడం మరొకటి. రెండో దానికి బాధ్యులెవరో చెప్పలేము. అందుకే దానిని సరిదిద్దడమూ ఎవరి పనీ కాకుండా పోయింది.

ఇక గౌరి పాత్రను దగ్గరగా చూద్దాం. ముళ్ళపూడి వెంకటరమణ అల్లిన ఈ కథలో కొత్త దంపతులు పడవలో గోదావరి మీద వెళుతూ సుడిగుండం దగ్గర పూర్వజన్మ స్మృతికి లోనవుతారు. గట్టు మీది సమాధి దగ్గర ఉన్న ఒక ముదుసలి వారికి ఆ గాథ చెబుతుంది. ఆమే గౌరి. పడవ నడిపే గోపి, అతడు 'అమ్మాయిగారు' అని కొలిచే జమీందారు బిడ్డ రాధ, వారి మధ్య మాటకు అందని బంధం, ఇవన్నీ మనకు తెలిసేది గౌరి నోటి వెంటనే. గోపిని ప్రేమించి, అతని ప్రేమ తనది కాదని తెలిసి, ఆ ప్రేమ కథకే కావలి కాసిన మనిషి ఆమె. కథనశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఈ చిత్రానికి కథకురాలు గౌరి. అటువంటి పాత్రను 'సహాయ పాత్ర' అనడం తెరపై కనిపించే నిడివిని కొలిచి, కథలో మోసే బరువును వదిలివేయడమే. ఆ లెక్కన ఫిల్మ్‌ఫేర్ వారు జమునకు ఇచ్చిన గౌరవంలోనూ ఒక తప్పుడు కొలత ఉంది.

నటన సంగతికి వస్తే, పడుచు గౌరిలో జమున చూపిన పెంకితనం అందరూ మెచ్చుకున్నదే. నన్ను ఆకట్టుకునేది ఆ పెంకితనంలోని లెక్క. రాధ పేరు వినిపించినప్పుడల్లా గౌరి మాట వేగం పెరుగుతుంది, చూపు మాత్రం నిలిచిపోతుంది. ఎత్తిపొడుపు నోటిది, ఓటమి కంటిది. ముసలి గౌరికి వచ్చేసరికి ఈ క్రమం తిరగబడుతుంది: మాట నెమ్మదిస్తుంది, చూపు ఎక్కడెక్కడో తిరుగుతుంది. అసూయ అంతా అరిగిపోయి జ్ఞాపకంగా మిగిలిన మనిషి అలాగే ఉంటుందేమో. దాశరథి రాసిన గోదారి గట్టు పాటలో ఆమె గంతులు ఎంత ప్రసిద్ధమో ఈ వృద్ధాప్యం అంత ప్రసిద్ధం కాలేదు. (తెలంగాణ కవి కలం నుంచి గోదావరి పల్లె పిల్ల పాట రావడం, హంపీలో పుట్టి దుగ్గిరాలలో పెరిగిన నటి దానిని అభినయించడం, ప్రాంతీయతను పుట్టుకతో కొలిచేవారు ఒకసారి ఆలోచించవలసిన విషయం. ఆ జమునే 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.)

సావిత్రి విషయం ఇంకా విచిత్రమైనది. ఆమె నటజీవితపు ఉజ్జ్వల దశ జాతీయ ఉత్తమ నటి పురస్కారం పుట్టకముందే దాదాపు ముగిసింది. 1981లో మరణించేనాటికి ఆ పురస్కారం ఆమెకు దక్కలేదు. 2018లో వచ్చిన 'మహానటి'లో సావిత్రిగా నటించినందుకు కీర్తి సురేశ్ జాతీయ ఉత్తమ నటి అయ్యారు. కీర్తి సురేశ్ ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని అనుకరణకు గడి ఉండి అసలుకు లేకపోవడం మన పురస్కార చరిత్రలో దాచలేని సందు.

గడి లేకపోవడం వల్ల నష్టపోయిన మరో నటుడు కాకినాడ ప్రాంతం వాడైన రావు గోపాలరావు. బాపు తీసిన 'ముత్యాల ముగ్గు' (1975) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ చిత్రాన్ని నేటికీ జనం నోట నిలిపిన కాంట్రాక్టరు పాత్రకు మాత్రం ఆనాడు జాతీయ స్థాయిలో చోటు లేదు. సహాయ పాత్రకు పురస్కారం రావడానికి ఇంకా తొమ్మిదేళ్ళు ఉంది. సూర్యోదయపు ఎరుపులో హత్యను చూసి, ఆ సౌందర్యం అర్థం కాని అనుచరుడిని మందలించే ఆ దుర్మార్గుడు తెలుగు ప్రతినాయకుడి భాషనే మార్చాడు. అంతకుముందు ప్రతినాయకుడు గొంతు పెంచి భయపెట్టేవాడు. రావు గోపాలరావు గొంతు తగ్గించారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి రాసిన గోదావరి జిల్లాల వ్యంగ్యాన్ని తొందరపడకుండా, నమిలి నమిలి పలికారు. ఒక ఇల్లాలి మీద నింద వేయడాన్ని మట్టి పని బేరం లాగా మాట్లాడుకోవడంలోని భయం ఆ తీరికలోనే ఉంది. ఉత్తరరామ కథను సాంఘికం చేసిన చిత్రంలో చాకలి మాట స్థానంలో ఒక గుత్తేదారు పథకం రావడం రచయిత సాధించినది. దానిని నమ్మించింది నటుడు.

యాస వల్లనే ఇటువంటి నటన ఢిల్లీ దాకా వినిపించలేదన్న వాదం ఒకటి ఉంది. కొంతవరకు నిజమే కావచ్చు. ఉపశీర్షికలో అర్థం వెళుతుంది గాని సాగదీత వెళ్ళదు. అయితే 'పుష్ప'లో చిత్తూరు యాస పలికిన అల్లు అర్జున్ 2023లో ప్రకటించిన పురస్కారాలలో జాతీయ ఉత్తమ నటుడయ్యారు. ఆ గౌరవం పొందిన తొలి తెలుగు కథానాయకుడు ఆయనే. కాబట్టి యాసను ఏకైక కారణంగా చూపలేము. కాని పుష్ప కథానాయకుడన్నది మరువరాదు. యాస మాట్లాడే సహాయ పాత్ర విషయంలో వాదం ఇంకా తెగలేదు.

పరభూమి గుర్తింపు గురించి ఒక్క మాట. 'నర్తనశాల'లో కీచకుడిగా ఎస్.వి. రంగారావుకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో ఆరితేరిన ఆ నటుడు 1974లో మరణించేనాటికి పద్మ పురస్కారం ఏదీ అందుకోలేదు. ఇక్కడ గడి లేదనే సమాధానం చెల్లదు, పద్మ పురస్కారాలు 1954 నుంచీ ఉన్నాయి. రావులపాలెం ప్రాంతపు రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది కూడా. ఇది చూసి కాదనడం అన్న మొదటి కోవలోకే వస్తుంది.

ఈ వ్యాసానికి ప్రేరణ నా పొరపాటే. సిద్ధాంత వ్యాసానికి చిత్రాలను ఎంచుకునేటప్పుడు నేను పురస్కారాల జాబితాలను ముందు పెట్టుకున్నాను. జాబితా ఉంటే ఎంపికను సమర్థించుకోవడం సులువు, పరీక్షకులు ప్రశ్నించరు. నటనను గురించిన అధ్యాయానికి 1977 తర్వాతి చిత్రాలే సమృద్ధిగా దొరికాయి. అంతకుముందు తెలుగులో నటన లేనట్టు ఆ అధ్యాయం తయారైంది. గౌరి అందులో లేదు, కాంట్రాక్టరు లేడు. 'సాక్షి' (1967)లో కథకు ప్రాణం పోసిన పులిదిండి గ్రామస్థులు అసలే లేరు, ఊరి జనానికి ఏ పట్టికలోనూ గడి ఉండదు గదా. ఆ అధ్యాయాన్ని పక్కన పెట్టి మళ్ళీ రాస్తున్నాను. ఈసారి ముసలి గౌరి కూర్చున్న గోదావరి గట్టు నుంచి మొదలుపెట్టాను.