ప్రత్యక్ష ధిక్కారం: శిక్షకు హద్దు ఎక్కడ?

కోర్టు జరుగుతుండగా న్యాయమూర్తి ఎదుటే ఎవరైనా కోర్టును ధిక్కరిస్తే దాన్ని ప్రత్యక్ష ధిక్కారం అంటారు. సుప్రీంకోర్టు, హైకోర్టుల విషయంలో 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలోని 14వ సెక్షన్ దీనికి వర్తిస్తుంది. దాని ప్రకారం నిందితుణ్ణి వెంటనే నిర్బంధించవచ్చు. కాని ఆరోపణను రాతపూర్వకంగా తెలపాలి, సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 12వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్ష 6 నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇంతవరకు మీకు సులభంగానే గుర్తుంటుంది. అసలు చిక్కు తెలియాలంటే వినయ్ చంద్ర మిశ్రా కేసు (1995) చదవాలి. మిశ్రా సీనియర్ న్యాయవాది, అప్పటి భారత బార్ కౌన్సిల్ అధ్యక్షుడు. 1994 మార్చిలో అలహాబాద్ హైకోర్టులో న్యాయమూర్తి ఒక ప్రశ్న అడిగారు. తనను ప్రశ్నించడానికి వీల్లేదని మిశ్రా కేకలు వేశారనీ, బదిలీ చేయిస్తానని బెదిరించారనీ ఆ న్యాయమూర్తి లేఖ రాశారు. మిశ్రా ఈ కథనాన్ని ఒప్పుకోలేదు. న్యాయమూర్తిని క్రాస్ ఎగ్జామిన్ చేయనివ్వాలని కోరారు. సుప్రీంకోర్టు నిరాకరించింది. 6 వారాల జైలు విధించి, దాని అమలును 4 సంవత్సరాలు నిలిపివేసింది. 3 సంవత్సరాలు న్యాయవాద వృత్తి నుంచి సస్పెండ్ చేసింది.

ఈ తీర్పును రెండు కోణాల్లో పరీక్షించండి. మొదటిది సాక్ష్యం. అరిచిన ప్రతివాడి కోసం న్యాయమూర్తి బోనెక్కవలసి వస్తే కోర్టులు నడవవు. అందుకే న్యాయమూర్తి సాక్షిగా హాజరు కానక్కరలేదని 14వ సెక్షనే చెబుతోంది. కాని అదే సెక్షన్ సాక్ష్యం తీసుకోవడానికీ, వేరే న్యాయమూర్తి విచారించాలని కోరడానికీ చోటిచ్చింది. రెండు కథనాలకు పొంతన లేనప్పుడు కోర్టు హాలులో ఉన్న ఇతరులను విచారించడం న్యాయమూర్తికి అగౌరవం కాదు.

రెండోది శిక్ష. సస్పెన్షన్ 12వ సెక్షన్‌లో లేదు. రాజ్యాంగంలోని 129, 142 అధికరణల ఆధారంగా కోర్టు దాన్ని విధించింది. హద్దు దాటిన న్యాయవాదిని శిక్షిస్తూ కోర్టే తన హద్దు దాటిందని నా అభిప్రాయం. 1998లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పొరపాటును సరిదిద్దింది. వృత్తి నుంచి సస్పెండ్ చేసే అధికారం 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిళ్లదేనని స్పష్టం చేసింది. అయితే తన ఎదుట హాజరు కాకుండా ఒక న్యాయవాదిని నిషేధించే అధికారం కోర్టుకు ఉందని ఆర్.కె. ఆనంద్ కేసు (2009) తెలుపుతుంది. ఈ రెండింటినీ కలిపేసి రాయకండి.

కోర్టు గౌరవం కాపాడవలసిందే. ఆ గౌరవం శిక్ష ఎంత పెద్దదనే దానిపై కాక, శిక్ష చట్టం గీసిన గీత లోపల ఉందా లేదా అనే దానిపై నిలుస్తుంది. ఏ ధిక్కార తీర్పు చదివినా ముందుగా ఈ ప్రశ్న వేసుకోండి.