సహజమైనదంతా క్షేమకరమేనా?

ఈ మధ్య ఒక బంధువుల ఇంట బారసాలకు వెళ్ళాను. ఉయ్యాల పక్కన బల్లమీద కానుకలు పేర్చి ఉన్నాయి: నూనె, సబ్బు, పౌడరు, కాటుక డబ్బా, చిన్న దిండు. ప్రతిదానిమీదా ఒక పచ్చని ఆకు బొమ్మ, దాని కింద ఏదో ఒక రూపంలో ఒకే మాట: 'సహజం', 'ప్రకృతిసిద్ధం', 'రసాయనాలు లేనిది'. మరొక పళ్ళెంలో పాప అమ్మమ్మగారు తెచ్చిన వసకొమ్ము, తేనెసీసా ఉన్నాయి. వాటిమీద ఏ మాటా రాసిలేదు. రాయవలసిన అవసరమూ లేదు. పాప తల్లి నన్ను చూసి, "బాబాయిగారూ, మీరు బడిలో సైన్సు చెప్తారు గదా, వీటిలో ఏవి వాడవచ్చో కాస్త చూడండి" అని అడిగింది. అంతలో వదినగారు అందుకుని, "అన్నీ ప్రకృతినుంచి వచ్చినవే గదా, ఇందులో చూసేదేముందయ్యా!" అన్నారు.

ఆ మాటే ఈ వ్యాసానికి కారణం. ఇది ఏ ఒక్క వ్యాపార సంస్థమీదనో, ఏ ఒక్క అమ్మమ్మగారిమీదనో విమర్శ కాదు. 'సహజం' అన్న మాటమీద విమర్శ. పెద్దవారు తమకు పడని వస్తువును వద్దనగలరు. నోటిలో పోసినదాన్ని ఉమ్మివేయగలరు. ఉయ్యాలలోని పాపకు ఆ అవకాశం లేదు. కనుక పాప తరఫున మాటల అర్థం విచారించవలసిన బాధ్యత మనది.

ముందుగా 'రసాయనాలు లేనిది' అనే ప్రకటనను చూద్దాం. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా దీనిని ఖండించగలడు. నీరు హైడ్రోజను, ఆక్సిజనుల సంయోగం. తల్లిపాలలోని తీపి లాక్టోజు అనే చక్కెర వల్ల కలిగింది. కొబ్బరినూనె ప్రధానంగా లారికామ్లం మొదలైన ఆమ్లాల గ్లిసరైడుల మిశ్రమం. నిజంగా రసాయనాలు లేని సీసా అంటూ ఉంటే అందులో గాలి కూడా ఉండరాదు! పదార్థం ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న. అది శరీరంలో ఏమి చేస్తుందన్నది వేరొక ప్రశ్న. 'సహజం' అన్న మాట మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి, రెండవదానికి కూడా చెప్పినట్లు భ్రమ కలిగిస్తున్నది.

అయితే తల్లులు ఈ మాటను ఆశ్రయించటానికి కారణం లేకపోలేదు. 1972లో ఫ్రాన్సు దేశంలో ఒక పిల్లల పౌడరులో పొరపాటున హెక్సాక్లోరోఫీను అనే క్రిమిసంహారకం నూటికి సుమారు 6 పాళ్ళు కలిసిపోయింది. ఆ ద్రవ్యం చర్మం గుండా లోపలికి పోయి నాడీమండలాన్ని దెబ్బతీసింది. 36 మంది పసిపిల్లలు మరణించారు. ఇటువంటి ఉదంతాలు విన్న తల్లి కర్మాగారపు సరుకును అనుమానిస్తే ఆమెను తప్పుపట్టలేము. కాని ఆ ఉదంతం నేర్పిన పాఠమేమిటి? కృత్రిమమైనదంతా విషమని కాదు. ఏ ద్రవ్యం, ఎంత మోతాదు, ఏ మార్గాన, ఎవరి శరీరంలో ప్రవేశిస్తున్నది అనే నాలుగు విషయాలు తెలియాలని. ఈ నాలుగు ప్రశ్నలనూ ప్రకృతి ఇచ్చిన వస్తువులకు కూడా వేసి చూద్దాం.

తేనెను మించిన ప్రకృతిసిద్ధమైన వస్తువు ఏమున్నది? అయినా ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం బోట్యులినం అనే బాక్టీరియా సిద్ధబీజాలు కొన్ని తేనెలలో ఉంటాయి. పెద్దవారి పేగులలో స్థిరపడిన ఇతర సూక్ష్మజీవులు వీటిని మొలకెత్తనివ్వవు. పసివారి పేగులలో ఆ రక్షణ ఇంకా ఏర్పడదు. అక్కడ అవి మొలకెత్తి విడుదల చేసే విషం నాడులనుంచి కండరాలకు పోయే సంకేతాలను ఆపివేస్తుంది. మలబద్ధకం, బలహీనమైన ఏడుపు, పాలు చప్పరించలేకపోవటం, మెడ వాలిపోవటం, చివరకు శ్వాసకు ఇబ్బంది కలుగుతాయి. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ వ్యాధిని గుర్తించారు. తేనెను పొయ్యిమీద మరిగించినా సిద్ధబీజాలు చావవు. అన్ని తేనెలలోనూ అవి ఉండవన్నది నిజమే. కాని ఏ సీసాలో ఉన్నాయో కంటికి కనిపించదు గదా!

ఇక వస. వాగుడుకాయ పిల్లను 'వసపిట్ట' అనటం మన భాషలోనే ఉన్నది. మాటలు త్వరగా వస్తాయనే నమ్మకంతో వసకొమ్మును సానమీద అరగదీసి పసివారి నాలుకకు రాస్తారు. వసలోని తైలంలో బీటా-అసరోను అనే ద్రవ్యం ఉన్నది. మన దేశంలో పెరిగే వసలో దీని పాలు అధికం. జంతువులపై జరిపిన ప్రయోగాలలో ఇది కంతులు కలిగించినందున 1968లో అమెరికా ప్రభుత్వం వసను ఆహార పదార్థాలలో వాడరాదని నిషేధించింది. మోతాదు అన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యం. సానమీద ఎన్నిసార్లు అరగదీస్తే ఎంత ద్రవ్యం దిగుతుంది? ఎవరూ చెప్పలేరు. మూడు కిలోల శిశువుకు లెక్క తెలియని మందు ఇస్తున్నామన్నమాట. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మాటలు వినబట్టి మాటలు వస్తాయి గాని వస తాగబట్టి రావు.

ఇక్కడ వదినగారు ఒక గట్టి వాదం తెచ్చారు. "మా పిల్లలందరికీ వస పోశాం, తేనె నాకించాం. ఎవరికేమయింది?" ఈ వాదం ప్రతి ఇంటా వినబడుతుంది గనుక పరిశీలించదగినది. పరీక్ష తప్పి బడి మానేసినవారిని వదిలిపెట్టి, పై తరగతిలో కూర్చున్నవారినే పిలిచి, 'పరీక్ష కష్టంగా ఉన్నదా?' అని అడిగితే ఎటువంటి జవాబు వస్తుంది? పూర్వం పసితనంలోనే పోయిన బిడ్డలు ఎందరో. ఏ కారణాన పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. అన్ని మరణాలకూ వసే, తేనే కారణమని నేననను. కాని వారి సంగతి తెలియనప్పుడు బతికి ఉన్నవారిని మాత్రమే లెక్కించి, హాని లేదని తీర్పు చెప్పటం శాస్త్రీయం కాదు.

బల్లమీది పౌడరు డబ్బా తీసుకుందాం. సాధారణంగా పిల్లల పౌడరుకు వాడే టాల్కు ఉపాధ్యాయులకు బాగా పరిచయమైన పదార్థమే: పలకమీద రాసే బలపం ఆ జాతి రాయితో చేసినదే. రసాయనికంగా ఇది జలయుత మెగ్నీషియం సిలికేటు. భూమినుంచి తవ్వి తీసినది గనుక 'సహజం' అని రాస్తే అబద్ధం కాదు. కాని భూమిలో అది ఒంటరిగా ఉండదు. మెగ్నీషియం అధికంగా ఉన్న శిలలు మార్పు చెందినప్పుడు టాల్కు ఏర్పడే చోటులలోనే రాతినార, అనగా ఆస్బెస్టాస్ కూడా ఏర్పడవచ్చు. మన రాష్ట్రంలోనే చూడండి: బేతంచెర్ల ప్రాంతంలో బలపపు రాయి, పులివెందుల ప్రాంతంలో రాతినార దొరుకుతాయి, రెండూ కడప శిలాశ్రేణికి చెందిన డోలమైటు రాళ్ళలోనివే. రాతినార పోగులు ఊపిరితిత్తులలో చేరితే కాన్సరుకు దారితీస్తాయి. టాల్కునే 'బహుశా కాన్సరు కారకం' అనే వర్గంలో 2024లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ చేర్చింది. ఇవన్నీ అలా ఉంచినా, మెత్తని ధూళిని పాప ముఖం దగ్గర దులిపితే అది శ్వాసనాళాలలోకి పోతుందన్నది సామాన్య విషయం. పౌడరు పాపకు అవసరమైన వస్తువు కాదు. చర్మం తడి లేకుండా మెత్తని బట్టతో అద్దితే చాలు.

కాటుక సంగతి మరింత గంభీరమైనది. కంటికి పెట్టే కొన్ని రకాల సురుమాలో, కాటుకలో గెలీనా అనే ఖనిజం, అనగా సీసం సల్ఫైడు ఉంటున్నది. ఇది కూడా గనినుంచి వచ్చిన సహజ పదార్థమే! పాప కన్ను నలుపుకుని ఆ వేలు నోట పెట్టుకుంటుంది. ఒకే మోతాదు సీసం మింగినప్పుడు పెద్దవారికంటె పసిపిల్లల శరీరం 4, 5 రెట్లు అధికంగా గ్రహిస్తుంది. సీసం మెదడు పెరుగుదలను కుంటుపరుస్తుంది. ఇంతవరకైతే హాని లేదని చెప్పగల పరిమితి ఏదీ లేదు. ఆముదపు దీపం మసితో ఇంట చేసిన కాటుకలో ఈ సీసం ఉండకపోవచ్చు. కాని మసిని, దానితోపాటు వేలిమీది సూక్ష్మజీవులను కంట పెట్టటంవల్ల కలిగే లాభమేమిటి? కాటుక పెడితే కళ్ళు పెద్దవవుతాయన్నది నమ్మకమే గాని నిజం కాదు.

ఇంతకూ పసిపాప శరీరం ప్రత్యేకత ఏమిటి? విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చు. 3 కిలోల శిశువు చర్మ వైశాల్యం సుమారు 2,000 చదరపు సెంటీమీటర్లు. అనగా కిలో బరువుకు దాదాపు 670. అరవై కిలోల మనిషికి సుమారు 16,000 చదరపు సెంటీమీటర్లు; కిలోకు దాదాపు 270. కనుక చర్మానికి రాసిన ద్రవ్యం శిశువుకు, బరువుతో పోల్చి చూస్తే, రెండున్నర రెట్లు అధికంగా తగులుతున్నది. దీనికితోడు విషాలను విరిచి బయటకు పంపవలసిన కాలేయం, మూత్రపిండాలు ఇంకా పరిణతి చెందవు.

అలాగని ప్రకృతి ఇచ్చినదాన్నంతా పారవేయమనటం నా ఉద్దేశం కాదు. నూనె మర్దనను తీసుకోండి. బంగ్లాదేశ్‌లోని ఢాకా నగరంలో ఒక శిశు వైద్యశాలలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె పూసి పరీక్షించారు. నూనె పూయని శిశువులతో పోలిస్తే వారిలో వైద్యశాలలో సోకే రక్తదోషాలు నూటికి 41 పాళ్ళు తగ్గినట్లు 2005లో ప్రకటించారు. మరి ఆవనూనె? ఎలుకలపై జరిపిన ప్రయోగంలో అది దెబ్బతిన్న చర్మం కోలుకోవటాన్ని ఆలస్యం చేసింది. రెండూ గింజల నూనెలే, రెండూ సహజమైనవే. 'సహజం' అన్న మాట ఈ తేడాను చెప్పలేదు. పరీక్ష మాత్రమే చెప్పగలిగింది.

సీసాలనుంచి గదివైపు చూపు తిప్పుదాం. ఈ మాటవల్ల కలిగే అసలు నష్టం ఇక్కడే ఉన్నది: తల్లిదండ్రుల జాగ్రత్త అంతా కొనే వస్తువులమీదికి పోయి, గదిలోని ప్రమాదాలు మరుగున పడుతున్నాయి. పాపకు తలంటి సాంబ్రాణి పొగ వేస్తారు. సాంబ్రాణి చెట్టు బంకే, నిజమే. కాని నిప్పులమీద వేస్తే వచ్చే పొగలో సన్నని మసి రేణువులు, కార్బన్ మోనాక్సైడు ఉంటాయి. నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసే పసికందుకు తలుపులు మూసిన గదిలో ఆ పొగ తగదు. జుట్టును పొడి బట్టతో తుడిస్తే చాలు.

పాత పెట్టెలోనుంచి తీసిన బట్టలు పాపకు తొడుగుతారు. వాటి మధ్య కలరా ఉండలు ఉంటాయి. ఆ ఘాటైన వాసన నాఫ్తలీనుది. కొందరు శిశువులకు పుట్టుకతోనే జి-6-పి.డి. అనే ఎంజైము లోపం ఉంటుంది. అటువంటివారికి నాఫ్తలీను సోకితే ఎర్రరక్తకణాలు చిట్లి తీవ్రమైన కామెర్లు రావచ్చు. అది మెదడును శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. ఏ శిశువుకు ఆ లోపం ఉన్నదో చూడగానే తెలియదు గనుక ఆ ఉండలు తగిలిన బట్టలను పాప దగ్గరకు చేర్చకపోవటమే మేలు.

ఆవాల దిండు, బూరుగుదూది దిండు కూడా సహజమైనవే. అయినా నిద్రించే శిశువు దగ్గర ఏ దిండూ ఉండరాదు. ముక్కుకు అడ్డుపడితే పక్కకు తిరిగే శక్తి దానికి లేదు. శిశువులను బోర్లా పడుకోబెట్టరాదని అమెరికాలోని శిశువైద్యుల సంఘం 1992లో సూచించింది. 1994లో దేశమంతటా ప్రచారం మొదలైన తరువాత ఆ దేశంలో నిద్రలో సంభవించే హఠాన్మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గట్టి, చదునైన పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టటానికి కొనవలసిన వస్తువేదీ లేదు. బహుశా అందువల్లనే దానికి ప్రకటనలు కూడా లేవు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పని చేయించవచ్చు. విద్యార్థులను తమ ఇంటిలోని పిల్లల వస్తువుల ఖాళీ డబ్బాలు తెమ్మనండి. ముందువైపున ఉన్న మాటలను ఒక పక్క, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న ద్రవ్యాల పట్టికను ఒక పక్క రాయించండి. 'పరిమళం' అన్న ఒక్క మాట వెనుక ఎన్నో ద్రవ్యాలు దాగి ఉండవచ్చునని చెప్పండి. తరువాత నాలుగు ప్రశ్నలు వేయించండి: ఏ ద్రవ్యం? ఎంత? ఏ మార్గాన? ఎవరికి? వాటికి అయిదవది చేర్చండి: అసలు ఈ వస్తువు పాపకు అవసరమా? చాలా డబ్బాలు ఈ చివరి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

ఆ రోజు బారసాలలో జరిగినది చెప్పి ముగిస్తాను. నూనెసీసా ఉయ్యాల దగ్గర మిగిలింది. పౌడరు, చిన్న దిండు లోపలి గదిలోకి వెళ్ళాయి. తేనెసీసాను పాపకు ఏడాది నిండేవరకు దాచిపెడతానని వదినగారు తీసుకున్నారు; వసకొమ్ము మాత్రం ఏమీ అనకుండా కొంగున ముడివేసుకున్నారు. కాసేపు ఆలోచించి, "అంతా బాగానే ఉన్నదయ్యా, మరి దిష్టిచుక్క మాటేమిటి?" అని అడిగారు. "పెట్టకుండా ఉండలేకపోతే ఉయ్యాల కొయ్యకు పెట్టండి వదినగారూ, పాపకు వద్దు" అన్నాను. ఆవిడ నవ్వి, అలాగే పెట్టారు.