పిల్లల జవాబు కోసం ఆగే ఆట

తెలుగులో 'ఆట' చాలా పనులు చేసే మాట. పిల్లలు వాకిట్లో ఆడేదీ ఆటే, తోలుబొమ్మలవారు రాత్రంతా తెర వెనక నడిపేదీ ఆటే, సినిమా హాలులో మొదటి ఆట, రెండో ఆట అన్నా అదే. ఆడేవాడికీ చూసేవాడికీ మధ్య గట్టి గీత గీయడానికి ఈ మాట ఒప్పుకోదు. ఉత్తర అమెరికాలో మన సంఘాల పండుగ కార్యక్రమాల్లో మాత్రం ఆ గీత కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. వేదిక మీద పిల్లలు, కింద పెద్దలు, మధ్యలో ఫోను కెమెరాలు.

నేను మాట్లాడుతున్నది మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు పిల్లల గురించి. ఆ వయసు పిల్లకి పట్టుపరికిణీ కట్టి, మైకు ముందు నిలబెట్టి వేమన పద్యం అప్పజెప్పించడాన్ని తప్పు పట్టను. పద్యం నాలుకను తిప్పుతుంది, 'ల'కీ 'ళ'కీ తేడా నేర్పుతుంది. కాని ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్ల తనంతట తానుగా ఒక్క తెలుగు వాక్యం కూడా అల్లలేదు. వేదిక దిగగానే తల్లి దగ్గరకి పరుగెత్తి, బాగా చెప్పానా అని అడిగేది ఇంగ్లీషులోనే. తెలుగు చూపించే భాష, ఇంగ్లీషు అడిగే భాష. బ్రాంప్టన్‌లో పంజాబీ బజార్లో కూడా వినబడుతుంది. తెలుగుకి ఆ ఆసరా లేదు. ఇంట్లో అవసరం పుట్టకపోతే ఇంకెక్కడా పుట్టదు.

అందుకే ప్రేక్షకులను కలుపుకుని సాగే బాలల నాటకం, ఆరుబయట మట్టితో పుల్లలతో సాగే ఆట, ఈ రెండూ మనకు పనికొస్తాయని నా వాదన. అయితే ఆ పేరుతో జరిగేదంతా మంచిదని మాత్రం అనలేను.

అన్నిటికన్నా పేరుమోసిన ఉదాహరణ 'పీటర్ పాన్'. 1904 డిసెంబరు 27న లండన్‌లో మొదటిసారి ఆడారు. టింకర్ బెల్ అన్న దేవకన్య విషం తాగి కొడిగడుతుంటే, దేవకన్యలున్నారని నమ్మేవాళ్ళు చప్పట్లు కొట్టండని పీటర్ ప్రేక్షకులను అడుగుతాడు. ఎవరూ కొట్టకపోతే ఎలాగని రచయిత బారీ వాద్యబృందానికి ముందే చెప్పి ఉంచాడంటారు. ఆ జాగ్రత్తలోనే అసలు గుట్టు ఉంది. చప్పట్లు పడినా పడకపోయినా ఆ దేవకన్య బతికి తీరాలి, తర్వాతి రంగం ఎప్పుడో రాసేసి ఉంది. పిల్లలు ఒళ్ళు మరచి కొడతారు, ఆ ఆనందం నిజమైనదే. కాని వాళ్ళ జవాబుకి కథలో విలువ లేదు. "పులి ఎటు పోయింది పిల్లలూ?" అని అడిగి, ఎటు అన్నా ఎడమకే పరుగెత్తే నేటి ప్రదర్శనలు ఈ చప్పట్ల సంతానమే. నాలుగేళ్ళ పిల్లలకి అది తెలియదనుకోవడం మన పొరపాటు. రెండోసారి అడిగినప్పుడు వాళ్ళ గొంతు తగ్గుతుంది చూడండి.

దీనికి ఎదురు నడిచినవాడు బ్రయన్ వే. 1953లో లండన్‌లో థియేటర్ సెంటర్ స్థాపించి, బళ్ళకే వెళ్ళి, వేదిక లేకుండా పిల్లల మధ్యనే నాటకాలు ఆడించాడు. ఆయన పద్ధతి కెనడాకి త్వరగానే వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన కెన్, సూ క్రేమర్ దంపతులు 1966లో రెజైనాలో గ్లోబ్ థియేటర్ పెట్టి, సస్కాచవాన్ బళ్ళలో ఆ పద్ధతిలోనే నాటకాలు ఆడారు. అదే ఏడు టొరాంటోలో యంగ్ పీపుల్స్ థియేటర్ మొదలైంది. ఇప్పుడది ఉన్న ఫ్రంట్ స్ట్రీట్ భవనం ఒకప్పుడు ట్రాము గుర్రాల సాల. మరీ చిన్నపిల్లల కోసం 2014 నుంచి టొరాంటోలో వీ ఫెస్టివల్ కూడా ఉంది. బ్రాంప్టన్ నడిబొడ్డున రోజ్ థియేటర్ 2006లో తెరిచారు. 800 పైచిలుకు సీట్ల హాలు, చక్కటి హాలు. నాలుగేళ్ళ పిల్లతో మాట్లాడాలనుకునే నటుడికి మాత్రం అది మరీ పెద్దది.

మనకి ఇది కొత్తా? తోలుబొమ్మలాటలో కేతిగాడు రాముడి కథ ఆపేసి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళ మీద ఛలోక్తులు విసురుతాడు, ఆ ఊరి సంగతులు ఎత్తుతాడు. (కొన్ని ఛలోక్తులు పిల్లల ముందు చెప్పేవి కావు, ఆ సంగతి వేరు.) 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మన రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లల కార్యక్రమాన్ని పిల్లల గొంతులతోనే నడిపారు. రేడియోలో పట్టుబట్టలకి పని లేదు. పలకాలి, పక్కవాడు పలికింది విని బదులు పలకాలి. ఆ సంప్రదాయం నుంచి మనం వేషాలు తెచ్చుకుని, బదులు పలకడం వదిలేశామనిపిస్తుంది.

ఇక ఆరుబయలు. 1971లో సైమన్ నికల్సన్ అనే శిల్పి 'విడి వస్తువుల' సిద్ధాంతం ప్రతిపాదించాడు. కదిలించడానికి, పేర్చడానికి, మార్చడానికి వీలైనవి ఎన్ని ఎక్కువుంటే, అక్కడ పిల్లల ఊహ అంత ఎక్కువ పని చేస్తుందని. అంతకు ముందే, 1967 మాంట్రియల్ ఎక్స్‌పోలో, కెనడా భవనం పక్కన కార్నీలియా ఓబర్లాండర్ ఇసుక, నీళ్ళు, దుంగలతో పిల్లల ఆటస్థలం రూపొందించింది. సిద్ధాంతం అక్కర్లేకుండానే మన ఊళ్ళలో ఇదంతా ఉండేది: పాదం మీద తడి ఇసుక మెత్తి, మెల్లగా లాగి కట్టే పిచ్చికగూళ్ళు, ముంజకాయల బండి, కొబ్బరాకు బూర, గుజ్జనగూళ్ళు. ఒక్క వస్తువూ కొన్నది కాదు, ఒక్క ఆటా ఒంటరిగా ఆడేది కాదు.

ఇక్కడ కొబ్బరాకు లేదు. కాని మేపుల్ గింజలు గిరగిరా తిరుగుతూ రాలతాయి, మిల్క్‌వీడ్ కాయ పగిలితే లోపల పట్టులాంటి దూది, సింధూర కాయలకి సహజంగానే టోపీలు. తడి మంచు పడినరోజు బూటు మీద మెత్తితే పిచ్చికగూడు ఇసుకకన్నా బాగా నిలుస్తుంది. చలి అడ్డమన్నది పెద్దలు చెప్పే సాకు; ఆ పిల్లలే బడిలో మంచులో ఆడుకుని వస్తున్నారు. అడ్డం వచ్చేది నిజానికి మన పట్టుబట్టలు, పార్కింగు, భోజనాల వేళ. ఇంకో మాట: సంరక్షణ ప్రాంతాల్లో మొక్కలు కోయకూడదు, కొమ్మలు విరవకూడదు. విడి వస్తువులు మన పెరటి నుంచే తీసుకెళ్ళాలి. వేసవిలో గడ్డిలో తిరిగాక పిల్లల కాళ్ళకి పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి.

బ్రాంప్టన్ ఉత్తరాన హార్ట్ లేక్ ఉంది. మంచుయుగం చివర్లో మిగిలిపోయిన మంచుగడ్డ కరిగి ఏర్పడ్డ చెరువు. ఆ పక్క చిత్తడి నేలల్లో తాబేళ్ళున్నాయి. జూను ప్రాంతంలో ఆడతాబేళ్ళు గుడ్లు పెట్టడానికి హార్ట్ లేక్ రోడ్డు దాటబోయి కార్ల కింద పడేవి. 2010ల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ రోడ్డు వెంట నడిచి, చచ్చినవెన్నో బతికినవెన్నో లెక్కలు రాశారు. చిన్నపిల్లల నాటకానికి ఇంతకన్నా మంచి వస్తువు మన పంచతంత్రంలో వెతికినా దొరకదు. నేల మీద రెండు తాళ్ళు పరిస్తే రోడ్డు. ఒక అమ్మమ్మ తాబేలు. ఆవిడకి తెలుగు తప్ప మరో భాష రాదు. చాలామంది అమ్మమ్మల విషయంలో అది నటన కూడా కాదు. పిల్లలు దారి చెప్పాలి. "లెఫ్ట్" అంటే తాబేలుకి అర్థం కాదు, బిక్కమొహం వేసుకుని రోడ్డు మధ్యనే ఆగిపోతుంది. అటునుంచి కారు వేషంలో మావయ్య వస్తున్నాడు. ఎవరో ఒకరు 'ఎడమ' అన్న మాట వెతుక్కోక తప్పదు. వెతుక్కోలేకపోతే పుల్లలు పేర్చి వంతెన కడతారు, చేయి పట్టుకుని లాక్కెళ్తారు. అప్పుడు కథ అటే పోవాలి.

దీన్ని పాడుచేయడానికి ఒక్క మాట చాలు. పక్కన నిలబడ్డ తల్లో తండ్రో "తెలుగులో చెప్పు!" అన్న మరుక్షణం ఆట పరీక్షగా మారిపోతుంది. తప్పు పలికితే దిద్దడం కూడా అంతే. తాబేలు అడగాలి, పెద్దలు అడగకూడదు. మన భాషాతరగతుల్లో కనిపించే లోపం ఇదేనని నా అభిప్రాయం. అక్కడ పిల్లల తెలుగు అవసరమైనవాళ్ళు ఒక్కరూ ఉండరు, టీచరుతో సహా అందరికీ ఇంగ్లీషు వచ్చునని పిల్లలకి తెలుసు.

2011 చివర్లో సూపర్ వీసా వచ్చాక తాతలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు ఇక్కడ ఎక్కువ కాలం ఉండగలుగుతున్నారు. పగలంతా ఇంట్లో మనవడితో ఉంటారు, ఇద్దరికీ కలిసి చేసే పని ఉండదు, మధ్యలో టాబ్లెట్ ఉంటుంది. ముంజకాయల బండి చేసిన చేతులవి. పండుగ కార్యక్రమంలో వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. తాబేలు వేషం ఇవ్వమని నేనంటాను.

ముప్పై మంది పిల్లలుంటే ఒకేసారి వద్దు, పదేసి మందితో మూడుసార్లు ఆడాలి. మూడుసార్లూ కథ మూడు రకాలుగా ముగిసిందంటే ఆట బాగా జరిగినట్టు. బహుమతులు, జ్ఞాపికలు అక్కర్లేదు. వేషానికి ఖర్చు కూడా లేదు. మోకాళ్ళ నొప్పులున్న తాబేలు కుర్చీలో కూర్చుని, వీపు మీద పాత దుప్పటి ఒకటి కప్పుకుంటే సరిపోతుంది.