కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి

ఓషన్ వువాంగ్ నవల ‘ఆన్ ఎర్త్ వియర్ బ్రీఫ్లీ గార్జియస్’ (2019) రెడ్డిగూడెంలో కూర్చుని చదివితే నాకు పరాయి కథలా అనిపించలేదు. చదువురాని తల్లికి కొడుకు రాసే ఉత్తరం అది. ఆవిడ నెయిల్ సెలూన్‌లో పనిచేస్తుంది. అక్కడ ‘సారీ’ అనడం కూడా పనిలో భాగమే, టిప్పు రావాలి కదా!

ఒక ముసలావిడ కృత్రిమ కాలు తీసేసి, లేని కాలికి మసాజ్ చేయమంటుంది. తల్లి చేస్తుంది. గొప్ప దృశ్యమే. నవల రసాయనాల్నీ ఒళ్లునొప్పుల్నీ దాచదు. కానీ చదివినవాళ్లకి గుర్తుండిపోయేది ఈ కరుణే. నా పేచీ అక్కడే.

1975లో కాలిఫోర్నియాలో, నటి టిప్పీ హెడ్రెన్ చొరవతో దాదాపు 20 మంది వియత్నాం శరణార్థి స్త్రీలు ఈ పని నేర్చుకున్నారు. వాళ్లకి యుద్ధం తెచ్చిపెట్టిన వృత్తి ఇది. మన దగ్గర పుట్టుక తెచ్చిపెట్టింది. పెళ్లికొడుకు కాలిగోళ్లు తీసిన నాయీబ్రాహ్మణుడికి ఇచ్చేదాన్ని కూలి అనం, లాంఛనం అంటాం. కూలి అయితే బేరమాడొచ్చు, లాంఛనాన్ని కళ్లకద్దుకోవాల్సిందే.

మన కథల్లో పెళ్లిళ్లు బోలెడు. ఆ చేతులు ఇంటికి ఎంత తీసుకెళ్లాయో చెప్పే కథ కోసం ఇంకా వెతుకుతున్నాను.