బరువు లేని కొండ

రొజెట్టా అంతరిక్ష నౌక పంపిన ఫొటోల్లో 67పి తోకచుక్కను మొదటిసారి చూస్తే అది తోకచుక్కే అనిపించదు. తోక ఏదీ? తళుకు ఏదీ? కళ్ల ముందున్నది నిలువెత్తు కొండచరియ, దాని కింద లోయ, లోయలో దొర్లిపడిన బండలు. ఎరిగిన చోటులాగే ఉందే అనుకుంటాం. ఆ పరిచయమే మొదటి మాయ.

1969లో క్లిమ్ చుర్యుమోవ్, స్వెత్లానా గెరాసిమెంకో కనుగొన్న ఈ తోకచుక్క, రెండు ముద్దలు మెడ దగ్గర అతుక్కున్నట్టు ఉంటుంది. పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. మెడ పక్కన లేచిన గోడకు ఈజిప్టు దేవత హాథోర్ పేరు పెట్టారు. దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఆ ఫొటో ముందు కాసేపు ఆగాలి. గోడ నిండా పైనుంచి కిందికి దిగిన చారలు, వాటిని అడ్డంగా కోస్తూ సన్నటి గట్లు, పాదం దగ్గర మెత్తగా పరుచుకున్న ధూళి. ఎండ ఏటవాలుగా తగిలి ప్రతి గీతనూ చెక్కినట్టు చూపిస్తోంది. గాలి లేదు కనుక దూరం మసకబారదు. దగ్గరి రాయికీ దూరపు రాయికీ ఒకటే పదును. చెట్టు లేదు, మనిషి లేడు, కంటికి కొలబద్ద లేదు. గులకరాయి అనుకున్నది కియోప్స్ అనే బండ అనీ, దాని అడ్డుకొలత 45 మీటర్లనీ తెలిసినప్పుడు బొమ్మ మొత్తం ఒక్కసారిగా పెరిగి మన మీదికి వస్తుంది.

ఇక ఆ రంగు. మీద పడ్డ వెలుగులో నూటికి ఆరు పాళ్లే వెనక్కి పంపే నలుపు అది, బొగ్గుతో పోటీ పడే నలుపు. ఫొటోల్లోని బూడిద వన్నె మన చూపు కోసం పెంచింది. ఇంత చీకటి ముద్ద నుంచి ఇన్ని ఛాయలు రాబట్టిన ఘనత ఎండదీ నీడదీ.

అసలు అద్భుతం ఆ తర్వాత మొదలవుతుంది. ఇంత గంభీరంగా నిలబడిన ఈ కొండకు గట్టితనం లేదు. దీని సాంద్రత నీటిలో సుమారు సగం. లోపల మూడొంతులు ఖాళీయే, మరమరాల ఉండలాంటి బోలుతనం. రొజెట్టా అక్కడ దింపిన ఫిలే ల్యాండర్ భూమ్మీద వంద కిలోలు తూగేది, అక్కడ తూగింది సుమారు ఒక గ్రాము. 2014 నవంబరు 12న అది నేలను తాకి, పైకి లేచి, మళ్లీ కిందికి రావడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. చరియ, లోయ, బండ అని మనం పేర్లు పెట్టుకున్నవన్నీ కొండను అభినయిస్తున్నాయి. వేషం శిలది, దేహం ధూళిది.

మన ఆలంకారికుల లెక్కలో చెప్పాలంటే ఈ నాటకానికి ఉద్దీపనం, అంటే రసాన్ని రగిలించేది, సూర్యుడు. 67పి సుమారు ఆరున్నరేళ్లకోసారి సూర్యుణ్ని చుట్టి వస్తుంది. 2015 ఆగస్టు 13న సూర్యుడికి బాగా దగ్గరైంది. అంతకు ముందే, జూలై 10న, ఒక చోట భగ్గుమని ధూళి లేచింది. అస్వాన్ అనే గోడ అంచున 70 మీటర్ల చీలిక ఒకటి అప్పటికే కెమెరాకు చిక్కి ఉంది. ఆ తర్వాతి ఫొటోల్లో ఆ అంచు లేదు. విరిగిన చోట తెల్లటి మంచు, చుట్టూ ఉన్న నలుపు కంటే కనీసం ఆరు రెట్లు ప్రకాశంగా! ఆ తెలుపూ నిలవలేదు. ఎండకు ఆవిరవుతూ నెలల్లోనే మాసిపోయింది. వేషం జారిన ఆ కాస్త వ్యవధిలోనే పాత్ర లోపలిదేమిటో ప్రేక్షకుడికి తెలిసింది. భూమి నుంచి చూసి మనం మురిసిపోయే ఏ తోకచుక్క తోకైనా ఇలా కరిగి, రాలి, ఎగిరిపోయిన ఒళ్లే.

2016 జూన్ 1న తీసిన ఫొటోలను ఆ తర్వాత ఒక అభిమాని వరుసగా కూర్చి చిన్న చలనచిత్రం చేశాడు. చరియ ముందు మంచు కురుస్తున్నట్టుంటుంది. చూపు నిలిపితే ఆ కురిసేది ఒకటి కాదని తెలుస్తుంది. వెనక వరుసగా దిగుతున్న చుక్కలు నక్షత్రాలు, ముందు అడ్డదిడ్డంగా పోయేవి ధూళి కణాలు, మధ్యలో తటాలున మెరిసే గీతలు కెమెరాను తాకిన విశ్వకిరణాలు. ఎంతో దూరానివీ, కెమెరా లోపలివీ ఒకే తెర మీద ఒకే వానగా కలిశాయి. ఏ దర్శకుడూ తలపెట్టని కూర్పు ఇది.

బీభత్సానికీ ఇందులో పాలు ఉంది. రొజెట్టా పరికరాలు అక్కడ పట్టుకున్న వాయువుల్లో కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది, ఘాటైన అమ్మోనియా ఉంది. వాటి పక్కనే గ్లైసిన్ దొరికింది, జీవుల ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లం.

లెక్కలు తెలిస్తే రసం చెడుతుందనే మాట ఇక్కడ చెల్లదు. ఏమీ తెలియని కంటికి హాథోర్ ఒక రాతిగోడ, అంతే. దాని బోలుతనం, తేలికతనం, ఆయుష్షు తెలిసిన కంటికే అది అద్భుతరసం. ఈ తోకచుక్క విషయంలో సహృదయుడు కావాలంటే కాస్త భౌతికశాస్త్రం చదవక తప్పదు.