వరం తెచ్చిన విరహం: ‘మల్లీశ్వరి’ చిత్రం మీద ఒక పరిశీలన

ఈ భాగం చదివే ముందు ‘మల్లీశ్వరి’ (1951) సినిమాను మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూడండి. పాటలు విడివిడిగా చూసే ఉంటారు, అది చాలదు. పాటలకూ పాటలకూ మధ్య ఉన్న కథతోనే మనకు ఇక్కడ పని.

పెద్ద చరిత్ర మధ్యలో ఇద్దరి ప్రేమను నిలబెట్టి చెప్పే సినిమాలను ఈ పాఠంలో ‘ప్రణయ మహాకావ్య చిత్రాలు’ అని పిలుచుకుందాం. అమెరికాలో ‘గాన్ విత్ ద విండ్’ (1939), హిందీలో ‘మొఘల్-ఎ-ఆజం’ (1960), డేవిడ్ లీన్ తీసిన ‘డాక్టర్ జివాగో’ (1965), తరవాత వచ్చిన ‘టైటానిక్’ (1997) ఈ కోవకు చెందుతాయి. ఇవి ఇంతకాలం ఎందుకు నిలిచాయి అని ప్రశ్న ఇస్తే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: భారీ సెట్లు, వందల మంది జనం, మూడు గంటల పైచిలుకు నిడివి, మంచి సంగీతం. జవాబుపత్రాలు దిద్దిన రోజుల్లో ఈ జవాబుకు నేను సగం మార్కులే వేసేవాణ్ణి. సెట్లు, జనం, నిడివి అన్నీ ఉండి కూడా నెల తిరక్కుండానే జనం మరిచిపోయిన సినిమాలు మీకే ఎన్నో గుర్తుంటాయి. కథ ఎంత పెద్దది అని కాక, ఆ పెద్దతనం ఆ ఇద్దరి బతుకులోకి ఏ దారిన వచ్చింది అని అడిగి చూడండి. జవాబు అక్కడ దొరుకుతుంది.

‘మల్లీశ్వరి’లో అది ఒక హాస్యం దారిన వచ్చింది.

కథ మీకు తెలిసిందే, అయినా వరస కోసం చెబుతాను. వీరాపురం అనే ఊళ్లో మల్లీశ్వరి, నాగరాజు బావామరదళ్లు. చిన్ననాటినుంచి ఒకరంటే ఒకరికి ప్రాణం. నాగరాజు శిల్పి, చేతిలో డబ్బు లేదు. మల్లి తల్లి నాగమ్మకు అదే అభ్యంతరం. ఒకనాడు ఎడ్లబండిలో ఇంటికి వస్తుంటే వాన పట్టుకుంటుంది. దారిలోని సత్రంలో తలదాచుకుంటారు. అక్కడ మల్లి ఆడి పాడుతుంది. మారువేషాల్లో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఆ ఆటపాటలు చూసి మెచ్చుకుంటారు. వాళ్లెవరో తెలియని నాగరాజు సరదాగా, మల్లికి రాణివాసం పల్లకి పంపించమని రాయలవారితో చెప్పండి అంటాడు. తరవాత డబ్బు సంపాదించుకు రావడానికి ఊరు విడిచి వెళ్తాడు. అతను తిరిగి వచ్చేలోపల పల్లకి నిజంగానే వస్తుంది. మల్లి వెళ్లిపోతుంది. రాణివాసంలో చేరిన స్త్రీ పరపురుషుణ్ణి కలుసుకోవడం నేరం.

ఇందులో దుర్మార్గుడు ఎవరో చెప్పండి. నాగమ్మ ఆశపోతే గాని పాపాత్మురాలు కాదు. తన కూతురు గొప్ప ఇంట్లో ఉండాలనుకుంది, అంతే. నాగరాజు మరదల్ని ఏడిపించడానికి ఒక మాట అన్నాడు. రాయలు ఒక కళాకారిణిని గౌరవించాడు. మల్లి మీద అతనికి ఏ దురుద్దేశమూ లేదు. అందరూ మల్లి మంచే కోరారు. ఆ మంచే ఆమెను తుంగభద్ర ఒడ్డున ఎత్తైన గోడల వెనక నిలబెట్టింది.

మీరు అలంకారశాస్త్ర పాఠంలో విప్రలంభ శృంగారం చదివారు. మమ్మటుడు దాన్ని అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం అనే కారణాలను బట్టి అయిదు రకాలు చేశాడు. కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుణ్ణి భార్యకు దూరం చేసింది శాపం. ‘మల్లీశ్వరి’ చిత్రానికి మాటలు, పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రికి ఇది మొదటి సినిమా. భావకవిత్వంలో విరహాన్ని అంత దూరం తీసుకెళ్లిన కవి ఆయన. ఆకాశంలో పోయే మబ్బును దూతగా పంపే పాట ఇందులో ఉందంటే ఆశ్చర్యం లేదు. మల్లి ఒకచోట, నాగరాజు ఇంకొకచోట, మధ్యలో మబ్బు. భానుమతి, ఘంటసాల గొంతులు మాత్రం ఒకే పాటలో కలుస్తాయి. సాలూరి రాజేశ్వరరావు సంగీతాన్ని గురించి చెప్పడం మొదలుపెడితే ఈ పాఠం ఇక్కడితో ఆగిపోతుంది, అందుకని ముందుకు పోదాం. నేను చెప్పదలచుకున్నది ఇది: పాట ‘మేఘదూతం’ను తలపించినా కారణం మారిపోయింది. ఇక్కడ ఎడబాటు శాపం వల్ల వచ్చింది కాదు, వరం వల్ల వచ్చింది. మమ్మటుడి పట్టికలో దీనికి చోటు లేదు. మీరు కావాలంటే ‘వరహేతుక విప్రలంభం’ అని రాసుకోండి. పరీక్షలో మాత్రం అది శాస్త్రంలో ఉన్న మాట కాదని, మీరు వాడుకుంటున్న మాట అని స్పష్టంగా చెప్పండి.

శాపమైతే ఎవరినో తిట్టుకోవచ్చు. వరమైతే ఎవరిని తిట్టుకోవాలి? నాగరాజు బాధకు అడుగున ఉన్నది ఈ ప్రశ్నే. తిరిగి వచ్చి మల్లి లేదని తెలిశాక అతను పిచ్చివాడైపోతాడు, రాళ్లలో ఆమె రూపాన్నే చెక్కుతూ ఉంటాడు. ఎన్.టి. రామారావు తరవాతి కాలంలో వేసిన రాజుల, దేవుళ్ల వేషాలకు అలవాటుపడిన మీకు ఈ నాగరాజు కొత్తగా కనిపిస్తాడు. ఆయన ఇక్కడ గొంతు పెంచడు. తన నోటిమాటే తన కొంప ముంచిందని తెలిసిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉంటాడు.

ఈ సినిమాను నేను మొదట మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూశాను. అప్పటికే పాత సినిమా. నా పక్కన కూర్చున్న పెద్దవాళ్లలో సగం మందికి పాటలన్నీ కంఠతా వచ్చు. తరవాత చదువుకుని, అధ్యాపకుణ్ణయ్యాక, దీన్ని నేను కొంత చులకనగా పాఠం చెప్పాను. రాజు దయ తలిచాడు, ప్రేమికులు కలిశారు, ఇది రాజభక్తికి ప్రేమ రంగు వేసిన చిత్రం అనేవాణ్ణి. నోట్సులో కూడా అలాగే రాయించాను. ఆ నోట్సు మీలో ఎవరి చేతికైనా వచ్చి ఉంటే ఆ వాక్యం కొట్టెయ్యండి.

నా చేత అది కొట్టేయించింది ఒక విద్యార్థిని. ఆదివారం కాంటాక్ట్ తరగతికి బస్సులో వచ్చి పోయే అంగన్‌వాడీ టీచరు. నేను రాజభక్తి సంగతి చెబుతుంటే లేచి నిలబడి, “అడిగినాయన అడిగిండు, పంపినాయన పంపిండు, ఎక్కిచ్చినామె ఎక్కిచ్చింది. మల్లినెవరన్న అడిగిండ్రా సార్?” అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి, “నన్ను గూడ మంచి సంబంధమనే పంపిండ్రు సార్” అని కూర్చుంది. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్లి సినిమా మళ్లీ చూశాను. పల్లకి ఘట్టాన్ని ఇదివరకు నేను కథలో మలుపుగా మాత్రమే చూశాను. ఇప్పుడు చూస్తే దాని ఆకారమంతా అప్పగింతలదే. పల్లకి వాకిట్లోకి రావడం, కన్నవాళ్లు కూతుర్ని పంపించడం, ఊరు వెనకబడిపోవడం. ఒక్క పెళ్లికొడుకు మాత్రం లేడు. తెలుగు ప్రేక్షకులకు, ముఖ్యంగా స్త్రీలకు, ఆ దృశ్యాన్ని ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. పదహారో శతాబ్దపు విజయనగరంలో జరిగే కథ ఇక్కడ మన వాకిట్లోకి వచ్చేస్తుంది. ఎ.కె. శేఖర్ కళాదర్శకత్వంలో లేచిన అంతఃపురం ఎంత గొప్పగా ఉంటే మల్లి చిక్కుకున్న చోటు అంత గొప్పగా ఉన్నట్టు. సెట్టు అందం ఇక్కడ అలంకారం కాదు, గోడ.

ఇప్పుడు ‘మొఘల్-ఎ-ఆజం’ పక్కన పెట్టి చూడండి. అక్కడ అక్బరు చక్రవర్తికి అంతా తెలుసు. కొడుకు సలీం ఎవర్ని ప్రేమించాడో తెలిసే అడ్డుపడతాడు. తండ్రీకొడుకులు సైన్యాలతో ఎదురెదురు నిలబడతారు. అనార్కలి అద్దాల మహలులో నిండు సభ ముందు తన ప్రేమను దాచేది లేదని నాట్యం చేసి మరీ చెబుతుంది. చివరకు అక్బరు, ఆమె తల్లికి ఎప్పుడో ఇచ్చిన మాట కోసం, రహస్యంగా ఆమెను ప్రాణాలతో పంపించేస్తాడు. సలీముకు ఆ సంగతి తెలియదు. అది ఢీకొనే కథ. ఆ పోరు చూడడానికి, ఆ ఉర్దూ సంభాషణలు వినడానికి జనం ఇప్పటికీ వెళ్తారు. మల్లి ఎవరితో ఢీకొనాలి? ఆమెకు ఎదురుగా నిలబడిన శత్రువు లేడు. నాకు మల్లి పరిస్థితే ఎక్కువ భయం కలిగిస్తుంది.

‘జివాగో’లోనూ ఇంచుమించు ఇంతే. విప్లవానికి యూరీ మీద, లారా మీద ప్రత్యేకమైన పగ ఏమీ లేదు. అది పోతూ పోతూ వాళ్లను తలా ఒక దిక్కు తోసేస్తుంది. సినిమా చివర్లో యూరీ ట్రాములోంచి వీధిలో పోతున్న లారాను చూస్తాడు, దిగి వెంటపడతాడు, గుండె ఆగి పడిపోతాడు. ఆమె వెనక్కి చూడదు. యుద్ధాలు, రైళ్లు, మంచు మైదానాలు అన్నీ చూపించిన దర్శకుడు చివరికి కొద్ది అడుగుల దూరం చూపించి ఏడిపించాడు.

పెద్దతనం ఒక్కోసారి కప్పిపెడుతుంది కూడా, అది మరవకండి. ‘గాన్ విత్ ద విండ్’లో స్కార్లెట్ పంతం, ఆకలి, ఆమె పొరపాట్లు ఎంత సజీవంగా ఉంటాయో, ఆమె ఇంటి చుట్టూ ఉన్న బానిసల బతుకు అంత అబద్ధంగా ఉంటుంది. బానిసత్వాన్ని ఒక అందమైన పాత లోకంగా చూపించారన్న విమర్శ సరైనదే. అంత మాత్రాన స్కార్లెట్‌ను మరిచిపోలేం. రెండూ కలిపి చూడడం మీరు అలవాటు చేసుకోవాలి. ‘మల్లీశ్వరి’ని కూడా అలాగే చూడాలి. రాణివాసం అనే ఏర్పాటు తప్పా ఒప్పా అని ఆ సినిమా నోరు తెరిచి అడగదు.

ఇక ముగింపు. మల్లిని కలుసుకోవడానికి అంతఃపురంలోకి వచ్చిన నాగరాజు పట్టుబడతాడు. మరణదండన. రాయలు జరిగింది తెలుసుకుని ఇద్దర్నీ క్షమించి కలుపుతాడు. ఈ చిత్రకథకు ఆధారమైన రచనల్లో బుచ్చిబాబు నాటిక ఒకటి. దాని పేరు ‘రాయలవారి కరుణాకృత్యం’. ఆ పేరు దగ్గర కాస్త ఆగండి. రాయలు చేసిన కరుణాకృత్యం ఏది? చివర్లో క్షమించడమా? మొదట పల్లకి పంపడం కూడా కరుణే కదా? అప్పుడు రెండో కరుణ మొదటి కరుణకు విరుగుడు. రాజు క్షమించాడు అనడంకంటే రాజు తను ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నాడు అనడం సరి.

ఈ సినిమా విడుదలైంది 1951 డిసెంబరు 20న. దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దు చేస్తూ చట్టం వచ్చి మూడేళ్లయింది, నిజాం పాలన పోయి కూడా అంతే. రాజులు పోయారు, వయసొచ్చిన ప్రతి ఆడమనిషికీ మగమనిషికీ ఓటు వచ్చింది. అటువంటి రోజుల్లో బి.ఎన్. రెడ్డి తెలుగువాళ్లు అన్నిటికంటే ఎక్కువగా తలచుకునే రాజును తెచ్చి, మంచివాడైన ఆ రాజుకే ఒక పల్లెటూరి పిల్ల మనసులో ఏముందో తెలియలేదని చూపించాడు. ఆయన ఇది ఉద్దేశించి చేశాడని నేననను. సినిమాలో ఉన్నదాన్ని చెబుతున్నాను. రెండేళ్లలో ఈ చిత్రం చైనా ఉపశీర్షికలతో ఆ దేశంలోనూ ఆడింది. రాయలెవరో తెలియని జనానికి కూడా పల్లకి అర్థమై ఉంటుంది.

అయినా ముగింపు మీద నా ఫిర్యాదు పూర్తిగా పోలేదు. అంతసేపు కట్టిన విరహం ముందు క్షమాపణ ఘట్టం బలహీనంగా నిలుస్తుంది. పైగా రేపు ఇంకో ఊరికి ఇంకో పల్లకి వెళ్లదని ఎవరూ మనకు హామీ ఇవ్వలేదు. నాగమ్మ ఇల్లు ఖాళీగా ఉన్న దృశ్యాలు నాకు ముగింపుకంటే ఎక్కువ గుర్తుంటాయి. మీకు అలా అనిపించకపోతే వాదించండి, మార్కులు తగ్గవు.

అభ్యాసం: సత్రం ఘట్టాన్ని ధ్వని తగ్గించి ఒకసారి, ధ్వనితో ఇంకోసారి చూడండి. నాగరాజు పల్లకి మాట అన్నప్పుడు రాయలు, పెద్దన, మల్లి ముఖాల్లో ఎవరిని ఎంతసేపు చూపించారో రాసుకోండి. తరవాత ఇటీవలి తెలుగు సినిమాల్లో ‘మగధీర’ (2009), ‘సీతారామం’ (2022) వంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, అందులో ప్రేమికుల్ని విడదీసింది శాపమో, శత్రువో, వరమో తేల్చి రెండు పేజీలకు మించకుండా రాసి, వచ్చే కాంటాక్ట్ తరగతికి తీసుకురండి. సెట్ల గురించి రాయకండి.